కొత్త మోకాలు, పాత నడక

అది 1978. హైదరాబాదులో ఒక పెద్ద ప్రభుత్వాసుపత్రిలో నేను ఫిజియోథెరపిస్టుగా పనిచేస్తున్న రోజులు. తెనాలి నుంచి ఉద్యోగానికి వచ్చి అప్పటికి ఆరేళ్లయింది. మా విభాగం కింది అంతస్తులో ఒక పొడవాటి హాలు. నడక నేర్పడానికి నడుమెత్తున బిగించిన రెండు కమ్మీలు ఉండేవి. వాటిని ప్యారలల్ బార్స్ అంటాం. వాటి చివర నిలువెత్తు అద్దం, ఎక్కి దిగడానికి నాలుగు చెక్కమెట్లు, కాళ్లకు కట్టే ఇసుక సంచులు. ఇంతే మా సరంజామా. మేం మందులివ్వం, కత్తి పట్టం. అందుకని ఆసుపత్రిలోనే చాలామందికి మా పనేమిటో తెలిసేది కాదు. "మాలీషు చేసే అమ్మ" అని నన్ను చూపించేవారు. మాలీషు కాదని మొదట్లో చెప్పేదాన్ని, తర్వాత మానేశాను.

నా దగ్గరికి వచ్చేవాళ్లలో పోలియో పిల్లలు, పక్షవాతం వచ్చినవాళ్లు, ఎముకలు విరిగినవాళ్లు ఎక్కువ. మోకాలి కీలు అరిగిపోయినవాళ్లూ వచ్చేవారు. ఆస్టియో ఆర్థ్రైటిస్ అంటే అదే. కీలులో మెత్తలా ఉండే పొర అరిగి, ఎముకా ఎముకా రాసుకోవడం. వాళ్లకు కాపడం పెట్టి, తొడ కండరాలకు వ్యాయామం నేర్పి, చేతికి కర్ర ఇచ్చి పంపేవాళ్లం. అంతకుమించి చేయగలిగింది లేదు.

ఆ ఏడాది మా ఎముకల సర్జన్ గారు ఇంగ్లండులో రెండేళ్లు పనిచేసి తిరిగొచ్చారు. వస్తూ వస్తూ కొన్ని కృత్రిమ మోకాళ్లు తెచ్చారు. ఉక్కు, ప్లాస్టిక్కు కలిపి చేసినవి. ఒకటి నా చేతిలో పెట్టి, "మోకాలు మార్చడం నా పని. దాంతో నడిపించడం నీ పని. ఈ రెండోదే కష్టం," అన్నారు. దాని బరువు చూసి నాకు భయం వేసింది. అలాంటి మోకాలున్న మనిషిని నేను అప్పటిదాకా చూడనేలేదు.

మా మొదటి పేషెంటు సాయమ్మ. నానక్‌రామ్‌గూడ ఆవిడది. ఇవాళ అక్కడ అద్దాల మేడలు చూస్తున్నవాళ్లకు నమ్మకం కలగదు గాని, అప్పుడది బండరాళ్ల మధ్య జొన్నచేలున్న చిన్న ఊరు. సాయమ్మకు అరవైకి దగ్గర వయసు. గాజులమ్మే మనిషి. గాజులన్నీ తాళ్లకు గుచ్చి కట్టిన మలారం భుజాన వేసుకుని, నార్సింగి, గోపన్‌పల్లి, గచ్చిబౌలి అన్నీ కాలినడకనే తిరిగేది. ఏడేళ్లుగా రెండు మోకాళ్లూ నొప్పి. కుడిది మరీ అరిగి, కాలు విల్లులా బయటికి వంగిపోయింది. చివరి రెండేళ్లు భర్త మల్లయ్య ఆమెను సైకిల్ వెనక కూర్చోబెట్టి, సైకిల్ నెట్టుకుంటూ ఊరూరూ తిప్పాడు.

"ఎక్కి తొక్కుతందుకు ఆ రాళ్లల్ల తొవ్వ ఏది అమ్మా? నెట్టుడే," అన్నాడు మల్లయ్య, తప్పు చేసినవాడిలా.

ఆపరేషన్‌కు ముందు సాయమ్మ నడక చూశాను. మేం దాన్ని గెయిట్ అంటాం. ఏ అడుగు ఎంత దూరంలో పడుతోంది, ఏ కాలి మీద ఎంతసేపు నిలబడుతున్నారు, ఒళ్లు ఎటు వాలుతోంది అన్నీ చూడాలి. కొలవడానికి యంత్రాలేవీ లేవు. ప్యాకింగు కాగితం నేల మీద పరిచి, అరికాళ్లకు నీలిమందు నీళ్లు పూసి, దాని మీద నడిపించి, ముద్రల మధ్య దూరం టేపుతో కొలిచేదాన్ని.

"గిదేంది బిడ్డా, పెండ్లిపిల్లకు పెట్టినట్లు పెడ్తున్నవ్?" అని నవ్వింది సాయమ్మ. కాగితం చివరికి చేరేసరికి ఆ నవ్వు లేదు. కుడికాలి మీద బరువు నిలపలేక ఎడమపాదాన్ని హడావిడిగా పక్కనే దించేస్తోంది. అడుగడుగుకూ ఒళ్లంతా కుడివైపుకు ఒరుగుతోంది. పది అడుగులకు ముఖం నిండా చెమట.

"ఆపరేషన్ అయితే మళ్లీ నడుస్తనా?" అని అడిగింది.

"నడుస్తారండీ," అన్నాను. నాకేం తెలుసని అలా అన్నానో!

ఆపరేషన్ బాగానే జరిగింది. పదిరోజులు కాలిని పట్టీలో కదలకుండా ఉంచారు. పదకొండో రోజు పట్టీ తీసి నాకు అప్పగించారు. కాలు నిటారుగా ఉంది, వంకర పోయింది. కానీ "పైకెత్తండి" అంటే లేవలేదు. తొడ ముందు భాగంలో క్వాడ్రిసెప్స్ అని పెద్ద కండరం ఉంటుంది. మోకాలిని నిటారుగా నిలబెట్టేది అదే. నొప్పితో ఏళ్లతరబడి వాడక అది సగానికి సగం చిక్కిపోయింది.

"నా కాలు నా మాట ఇంటలేదు," అంది సాయమ్మ ఆశ్చర్యంగా.

మోకాలి కింద తువ్వాలు చుట్ట పెట్టి, దాన్ని కిందికి నొక్కమన్నాను. గంటకు ఇరవైసార్లు. చెక్కపలక మీద పౌడరు చల్లి, మడమను ముందుకూ వెనక్కూ జార్చమన్నాను. వంగేటప్పుడు ఆమె పళ్లు బిగించి, నా చేయి ఎంత గట్టిగా పట్టుకునేదంటే వేళ్ల గుర్తులు సాయంత్రందాకా ఉండేవి. గాజులు తొడిగిన చేతులు, బలం తక్కువేమీ కాదు. మొదటి రోజు ముప్పై డిగ్రీలు వంగింది. రెండు వారాలకు ఎనభై దాటింది. కుర్చీలో కూర్చుని లేవడానికి తొంభై చాలు. నేను లోలోపల సంబరపడుతున్నాను.

మూడో వారంలో బార్స్ మధ్య నిలబెట్టాను. కొత్తకాలి మీద మొదటిసారి పూర్తి బరువు పెట్టినప్పుడు ఆమె కళ్లు గట్టిగా మూసుకుంది. వచ్చే నొప్పి కోసం ఎదురుచూస్తోంది. కాసేపటికి కళ్లు తెరిచి నావంక చూసింది.

"రాలే," అంది.

"ఏం రాలేదు?"

"నొప్పి. రాలే బిడ్డా." మళ్లీ బరువు పెట్టి చూసుకుంది. మళ్లీ. గోడ దగ్గర నిలబడ్డ మల్లయ్య తలకు చుట్టుకున్న తువ్వాలు విప్పి ముఖం తుడుచుకున్నాడు.

ఇక నడవడమే తరువాయి అనుకున్నాను. అక్కడే నాకు తెలియని సంగతి ఎదురైంది. నొప్పి పోయింది, వంకర పోయింది, నడక మాత్రం పాతదే. అదే కుంటు, అదే ఒరుగుడు. మోకాలిని వంచకుండా కర్రలా బిగించి, కాలిని పక్కనుంచి తిప్పి వేస్తోంది. లోపలేమైనా బెసికిందేమోనని ఎక్స్‌రే తీయించాం. ఏమీ లేదు, అంతా కుదురుగా ఉంది.

"నొప్పి లేనప్పుడు ఎందుకు కుంటుతున్నారండీ?" అని అడిగాను.

"నేను కుంటుతున్ననా? మంచిగనే నడుస్తున్న గద!"

ఆమె అబద్ధం చెప్పడం లేదు. బార్స్ చివర ఉన్న అద్దం వైపు తిప్పి, ఈసారి నేలవంక చూడకుండా తనను తాను చూసుకుంటూ నడవమన్నాను. నాలుగడుగులు వేసి ఆగిపోయింది. "గట్ల నడుస్తున్ననా నేను!" అంది. ఊళ్లో అంత పెద్ద అద్దం ఎక్కడుంది? తన నడకను తాను చూసుకోవడం ఆమెకు అదే మొదలు.

ఏడేళ్లపాటు ఒళ్లు నొప్పిని తప్పించుకునే ఉపాయాలు నేర్చుకుంది. నొప్పి పోయిందన్న కబురు దానికింకా అందలేదు. అప్పుడు నాకర్థమైంది, ఇది నడిపించే పని కాదు, పాత నడక మాన్పించే పని అని. రోజూ అద్దం ముందు సాధన. ముందు మడమ ఆనాలి, తర్వాత పాదం మొత్తం, చివర వేళ్లతో నేలను నెట్టాలి. కాలు ఎత్తేటప్పుడు మోకాలు వంచాలి. కర్ర ఎడమచేతికి ఇస్తే ఆమె ఒప్పుకోలేదు. "కాలు కుడిదాయె, కర్ర ఎడమ చేతికా? ఏంది బిడ్డా, గిట్ల ఉల్టా చెప్తున్నవ్?" కర్ర అవతలి చేతిలో ఉంటేనే ఒళ్లు ఒరగకుండా నిలుస్తుందని నడిపించి చూపించాక ఒప్పుకుంది. మెట్లెక్కేటప్పుడు ఎడమకాలు ముందు, దిగేటప్పుడు కొత్తకాలు ముందు. ఇవన్నీ నేర్చుకుంది. నేను చెబుతున్నంతసేపు బాగానే నడిచేది. చెప్పడం ఆపితే మళ్లీ కుంటు.

అయిదో వారంలో ఒకరోజు పొద్దున్న వార్డుకు వెళ్తే సాయమ్మ మంచం ఖాళీగా ఉంది. స్నానాలగదిలో లేదు, మెట్ల దగ్గర లేదు. ఎక్కడైనా పడిందేమో! వెతుక్కుంటూ వసారా చివరికి వెళ్లాను. బాలింతల వార్డులోంచి ఆమె గొంతు వినిపించింది. "నీది రెండుంబావు సైజు. ఇంటికి పొయినంక ఎర్రగాజులు ఏసుకో, నీ రంగుకు మంచిగుంటయ్."

తలుపు దగ్గరే నిలబడిపోయాను. సాయమ్మ ఒక మంచం దగ్గర్నుంచి ఇంకో మంచానికి నడుస్తోంది. ఒక్కొక్కరి మణికట్టు చూసి సైజు చెబుతోంది. కర్ర ముంజేతికి వేలాడుతోంది. దాని సంగతే ఆమెకు గుర్తులేదు. మడమ ఆనుతోంది, మోకాలు వంగుతోంది, రెండడుగులూ ఒకే కొలతలో పడుతున్నాయి. కాలి గురించి మరిచిపోయిన క్షణాన కాలు సరిగ్గా నడిచింది! నాకు కేక పెట్టాలనిపించింది. ఆరేళ్ల ఉద్యోగంలో అంత సంతోషం ఎప్పుడూ కలగలేదు.

అది నిండా ఒక్క నిమిషం కూడా నిలవలేదు. చివర మంచం దగ్గర ఒక అమ్మాయి నేల మీద చాప వేసుకుని కూర్చుంది. చేయి చాపింది. సాయమ్మ అలవాటుగా మంచం కోడు పట్టుకుని, ఆమె ముందు గొంతుక్కూర్చోవడానికి ఒళ్లు దించింది.

"సాయమ్మగారూ, కూర్చోకండి!"

అరుస్తూ పరుగెత్తాను. అప్పటికే సగం దిగింది. మోకాలు అంత వంగదు. ఆమె పక్కకు తూలింది. చంకల కింద చేతులు వేసి పట్టుకున్నాను. ఇద్దరం కలిసి మంచం మీద కూలబడ్డాం. మధ్యాహ్నానికి మోకాలు వాచింది. ఎక్స్‌రే బయటికొచ్చేదాకా నేను అన్నం తినలేదు. కీలు కదలలేదు, ఎముక చిట్లలేదు. సర్జన్ గారు ఫిల్మును వెలుతురుకు పెట్టి చూసి, "బతికాం," అన్నారు.

ఆ సాయంత్రం నేనే వెళ్లి చెప్పాను. ఈ మోకాలితో గొంతుక్కూర్చోకూడదు, బాసింపట్టు వేయకూడదు, నేల మీద కూర్చుని లేవకూడదు. ఎంత సాధన చేసినా అంత వంగదు, బలవంతాన వంచితే పాడైపోతుంది.

"ఎన్ని దినాలు?" అని అడిగింది.

"ఎప్పటికీనండీ."

ఆమె తన కుడి మోకాలి మీద చేయి వేసుకుంది. తర్వాత నెమ్మదిగా అంది. "గాజులు తొడగాలంటే మనిషి ముంగట గొంతుక్కూసోవాలె. ఆమె చెయ్యి నా మోకాలు మీద పెట్టుకోవాలె. అప్పుడే గాజు పలగకుంట ఎక్కుతది. నడిచిపొయ్యి ఏం జెయ్యాలె నేను? వాకిట్ల నిలవడి సూసి రావాల్నా? ముందుగాల్నే ఎందుకు జెప్పలే బిడ్డా?"

సర్జన్ గారిని అడిగితే, ఇంటికి పంపేటప్పుడు కాగితంలో రాస్తాం కదా అన్నారు. ఆ కాగితం ఇంగ్లీషులో ఉంటుంది. సాయమ్మకు ఏ భాషా చదవడం రాదు. నేనూ తక్కువేమీ తినలేదు. నడుస్తారండీ అని మాటిచ్చాను గాని, నడిచివెళ్లి అక్కడ ఏం చేస్తారని ఒక్కసారీ అడగలేదు. మోకాలే ఆమెకు పనిబల్ల అని నాకు తట్టలేదు.

రెండ్రోజులు ఆమె నాతో మాట్లాడలేదు. చెప్పిన వ్యాయామాలన్నీ గోడవైపు చూస్తూ చేసింది. మల్లయ్యే నన్ను ఓదార్చాడు. "ఆమెకు కోపమొస్తే మాట్లాడది, గని తింటది. అన్నం బందు పెడితే పరేషాన్ కావాలె. తింటున్నది గద, ఫికర్ జేయకు అమ్మా."

మూడో రోజు నేను ఒక చెక్కస్టూలు, ఒక దిండు పట్టుకెళ్లి, ఆమెను స్టూలు మీద కూర్చోబెట్టి, నేను ఎదురుగా కింద కూర్చున్నాను. "నా చేతికి గాజులు తొడిగి చూపించండి. ఎంత ఎత్తులో కూర్చుంటే కుదురుతుందో చూద్దాం," అన్నాను. ఆమె నావంక అదోలా చూసింది. మల్లయ్య ఒక జత గాజులు తెచ్చాడు. స్టూలు ఎత్తయింది. నా చేయి పైకి లేచి, గాజు వేలికణుపుల దగ్గర బిగిసి పటుక్కున పగిలింది. కొద్దిగా రక్తం వచ్చింది. సాయమ్మ కంగారుపడి నా వేలు తన చీరకొంగుతో అదిమింది. అలా మాటలు మళ్లీ మొదలయ్యాయి.

వారంరోజులు రకరకాలుగా చూశాం. ఎత్తు తగ్గించిన స్టూలు, తొడ మీద దిండు, ఎదుటి మనిషి ఇంకాస్త కింద. నర్సులు వంతులవారీగా చేతులిచ్చారు. చివరికి పగలడం తగ్గింది గాని సాయమ్మకు తృప్తి లేదు. "గీడ చేసుడు వేరే, ఊళ్లె చేసుడు వేరే. సూద్దాం," అంది. ఆ స్టూలునే మల్లయ్య భుజాన పెట్టుకుని ఆమెను ఇంటికి తీసుకెళ్లాడు.

ఆరువారాల తర్వాత చూపించుకోవడానికి రమ్మన్నాం. రాలేదు. ఇంకో రెండు వారాలు చూశాను. కింద కూర్చుందేమో, పడిందేమో, పని పోయిందని మంచం పట్టిందేమో. ఇలాంటి ఆలోచనలే. ఒక ఆదివారం ఉండబట్టలేక బయల్దేరాను. గచ్చిబౌలి దగ్గర బస్సు దిగి, అడుగుతూ అడుగుతూ రాళ్లదారిలో నడిచాను. మిట్టమధ్యాహ్నానికి ఇల్లు దొరికింది. తాళం వేసి ఉంది.

పక్కింటావిడ బయటికొచ్చి, "సాయమ్మనా? నార్సింగి పొయ్యింది. పెండ్లోళ్లింటికి," అంది.

"సైకిల్ మీదా?"

"సైకిలెందుకు? మల్లయ్య పట్నం పొయ్యిండు, సరుకు తేను. ఆమె నడిచే పొయ్యింది."

ఆ గడప మీదే కూర్చున్నాను. గంట తర్వాత దారి మలుపులో సాయమ్మ కనిపించింది. భుజాన మలారం, ఎడమచేతిలో కర్ర. రాళ్లు ఉన్నచోట ఆగి, చూసుకుని, అడుగు వేస్తోంది. చదునుగా ఉన్నచోట చకచకా వచ్చేస్తోంది. ఎడమ మోకాలు పాతదే కనక ఆ వైపు కొంచెం ఒరుగుతోంది. కుడికాలు మాత్రం నేను అద్దం ముందు మొత్తుకున్నట్టే నడుస్తోంది.

"ఏంది బిడ్డా, గింత ఎండల ఒచ్చినవ్?" అంది నన్ను చూసి.

"మీరు ఆసుపత్రికి రాలేదు కదండీ. ఏమైందోనని భయపడ్డాను."

"మంచిగున్నోళ్లు దవాఖానకు ఎందుకొస్తరు?"

లోపలికి తీసుకెళ్లి నీళ్లిచ్చింది. మూలన మా స్టూలు బోర్లించి ఉంది, దాని మీద ఒక కుండ. గాజులు ఎలా తొడుగుతున్నారని అడిగాను.

"ఆ ఇస్టూలు ఎవరు మోస్తరు? ఇంటింటికి అరుగున్నది గద. నేను అరుగు మీద కాళ్లు కిందికేసి కూసుంట. ఆడివిల్లలు కింద మెట్టు మీద కూసుంటరు. చెయ్యి నా తొడమీద పెడ్తరు. గంతే." నవ్వింది. "ఇన్నేండ్లు వాళ్లు పైన, నేను కింద. ఇప్పుడు నేనే దొరసాని లెక్క కూసుంటున్న. మొదట ఒకరిద్దరు మూతులు తిప్పిండ్రు. గాజు పలగకుంట ఎక్కుతుంటే ఇగ ఏమంటరు?"

మేం వారంరోజులు తంటాలు పడి తేల్చలేనిది ఆమె మొదటి ఇంటి ముందే తేల్చుకుంది. మోకాలు చూశాను. తొంభై అయిదు డిగ్రీలు వంగుతోంది. సాయంత్రాలు కొంచెం వాపు వస్తుందట, రాత్రికి తగ్గుతుందట. గోపన్‌పల్లి దూరమని మానుకుంది. "పెండ్లిల్ల పంక్తిల కూసొని తినలేను. అందరు కింద కూసుంటే నేనొక్కదాన్నే గోడ మీద. అదొక్కటే మనసుకు జర కష్టమైతది," అంది. దాచకుండా చెప్పినందుకు ఆమె మీద గౌరవం పెరిగింది.

ఆ తర్వాత కొన్ని నెలలకు మోకాలి ఆపరేషన్ కోసం చందానగర్ నుంచి ఒక పురోహితుడు గారు వచ్చారు. కాగితాలు తయారయ్యాయి, తేదీ కూడా అనుకున్నారు. నేను ఆయన పక్కన కూర్చుని, పొద్దున లేచినప్పటినుంచి ఎక్కడెక్కడ కూర్చుంటారో, ఎలా కూర్చుంటారో చెప్పమన్నాను. ఆయన పీటల మీద, చాపల మీద, హోమగుండాల ముందు గడిచే తన రోజంతా చెప్పుకొచ్చారు. అవేవీ ఇక కుదరవని చెప్పాను. రెండ్రోజులు ఆలోచించుకుని, "చేతికర్రతో ఇంకొన్నాళ్లు లాగిస్తానమ్మా. పని మానేసే రోజున వస్తాను," అని వెళ్లిపోయారు.

ఒక పేషెంటును పోగొట్టానని సర్జన్ గారు కోప్పడతారనుకున్నాను. ఆయన కేసుషీటు తీసుకుని, నొప్పి ఎంతకాలం నుంచి అన్న ప్రశ్నకు పైన, తెలుగులో, తన చేత్తోనే ఇంకో ప్రశ్న రాశారు: రోజులో ఎన్నిసార్లు కింద కూర్చుంటారు, దేనికోసం? అప్పట్నుంచి మా విభాగంలో ఆ ప్రశ్నకు జవాబు రాశాకే మోకాలు చూడటం మొదలుపెట్టేవాళ్లం.